కొత్త లైసెన్స్, మొదటి ఇన్సూరెన్స్: 100 నుంచి 43కి ఎలా వచ్చానంటే

లైసెన్స్ చేతికి వచ్చిన నాలుగో నెలలో నా మొదటి కారు కొన్నాను. దానికి డబ్బు కూడబెట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ కారు ధర, పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అదీ కొంత అవుతుందిలే" అనుకుని ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఆ "కొంత" కారు ధరలో సగం దాటుతుందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలాగే కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్ళు ఇదే చోట ఆగిపోతారని తెలుసు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అంకెల గురించి ముందే ఒక మాట. రేట్లు దేశానికో రకం, కంపెనీకో రకం. కొన్ని దేశాల్లో థర్డ్ పార్టీ (మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే ఇన్సూరెన్స్) రేటు ప్రభుత్వ సంస్థలే నిర్ణయిస్తాయి, కొన్ని చోట్ల మొత్తం కంపెనీ లెక్కే. కాబట్టి నేను ఎంత కట్టానో చెబితే మీకు పెద్దగా పనికిరాదు. నాకు వచ్చిన మొదటి కోట్‌ని, అంటే ఏడాదికి ఇంత ప్రీమియం అని కంపెనీ చెప్పిన అంకెని, 100 అనుకుందాం. ఏం మారిస్తే అది ఎంతకి దిగిందో ఆ లెక్కలోనే చెబుతాను.

నేను మొదట మనసుపడ్డది వేరే కారు. 1.6 లీటర్ టర్బో ఇంజిన్, తొమ్మిదేళ్ళు వాడిన బండి. దాని యజమాని అలాయ్ వీల్స్ వేయించాడు, సైలెన్సర్ మార్పించాడు, కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులు కూడా మార్పించాడు. ధర నా బడ్జెట్‌కి సరిపోయింది. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని ఫోన్‌లోనే ఇన్సూరెన్స్ ఫారం నింపాను. వయసు 24. లైసెన్స్ వచ్చి 4 నెలలు. పాత పాలసీ లేదు. క్లెయిమ్‌లు సున్నా. బటన్ నొక్కగానే వచ్చిన అంకె కారు ధరలో 55 శాతం. పొరపాటున ఏదో తప్పు నొక్కానేమో అని మళ్ళీ మొదటి నుంచి నింపాను. అదే అంకె. వేరే కంపెనీలో చూస్తే ఇంకా ఎక్కువ.

నా కోపం అంతా ఆ సున్నా మీదే. ఒక్క క్లెయిమ్ కూడా లేని మనిషికి ఇంత రేటు ఏమిటి? మా నాన్న ఒకసారి వెనక బంపర్ పగలగొట్టుకుని క్లెయిమ్ చేసుకున్నారు, ఆయన ప్రీమియం నాకు చెప్పిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. ఏ తప్పూ చేయకుండానే జరిమానా వేసినట్టు అనిపించింది.

మా నాన్న పాలసీలు చాలా ఏళ్ళుగా చూస్తున్న ఏజెంట్ ఒకావిడ ఉన్నారు. మర్నాడు ఆవిడకి ఫోన్ చేసి ఇదే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా అరగంట మాట్లాడారు. ఈ విషయంలో నా కళ్ళు తెరిపించిన మనిషి ఆవిడే.

"నీ కారు పాతదే కదమ్మా, అది పూర్తిగా పోయినా వాళ్ళు నీకిచ్చేది తక్కువే. కానీ నువ్వు ఎవరినైనా గుద్దావనుకో. ఆ మనిషి ఆరు నెలలు మంచాన పడితే ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, ఒక్కోసారి జీవితాంతం కావాల్సిన సాయం, అవన్నీ కట్టాల్సింది వాళ్ళే. నీ కారు పాతదైనా కొత్తదైనా ఎదుటి మనిషి కాలు విలువ ఒక్కటే."

పాత కారు కొంటే ఇన్సూరెన్స్ తక్కువ అవుతుందని నేను అనుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోయింది.

నా సున్నా గురించి కూడా చెప్పారు. పదేళ్ళు బండి నడిపి క్లెయిమ్ లేకపోవడం వేరు, అసలు నడపకుండా క్లెయిమ్ లేకపోవడం వేరు. మొదటిది సాక్ష్యం, రెండోది ఖాళీ కాగితం. "100 మంది కొత్త డ్రైవర్లలో 90 మంది ఏడాదంతా ఏ గొడవా లేకుండా నడిపేస్తారనుకో. నువ్వు ఆ 90 మందిలో ఉన్నావో మిగిలిన 10 మందిలో ఉన్నావో వాళ్ళకి తెలిసే దారి లేదు. అందుకని ఆ 10 మంది ఖర్చు 100 మందికీ పంచుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ నీ గురించి వాళ్ళకి తెలుస్తుంది, నీ వాటా తగ్గుతుంది."

తర్వాత నేను చదివిన దానిలోనూ ఇదే ఉంది. లైసెన్స్ వచ్చిన మొదటి కొన్ని నెలల్లో ప్రమాదాలు ఎక్కువగా జరుగుతాయి, అనుభవం పెరిగేకొద్దీ ఆ ముప్పు త్వరగా తగ్గుతుంది. చిన్న వయసు దానికి తోడైతే ఇంకా ఎక్కువ. రాత్రి పూట, తోటి వయసువాళ్ళు కారు నిండా ఉన్నప్పుడు మరీ ఎక్కువ. కొత్త డ్రైవర్ చూపు ఎక్కువగా బానెట్‌కి కాస్త ముందే ఉండిపోతుంది, అనుభవం ఉన్నవాళ్ళు దూరం నుంచే రోడ్డుని చదువుతారు. అది చదివినప్పుడు నా డ్రైవింగే గుర్తొచ్చింది. ముందున్న కారు బ్రేక్ లైట్ తప్ప నాకు ఇంకేమీ కనపడని రోజులవి.

ఆడవాళ్ళకి తక్కువంటారు కదా అని కూడా అడిగాను. అది చోటుని బట్టి ఉంటుందన్నారు. యూరోపియన్ యూనియన్‌లో అయితే స్త్రీ పురుష భేదంతో ప్రీమియం వేయకూడదని అక్కడి న్యాయస్థానం 2011 మార్చి 1న తీర్పు ఇచ్చింది, 2012 డిసెంబర్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడ చాలా కంపెనీలు చిన్న వయసు అమ్మాయిలకి తక్కువ, అబ్బాయిలకి ఎక్కువ వేసేవి.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ చెప్పిన సలహా ఒకటే: ముందు కోట్, తర్వాత కారు. నేను చేసింది తలకిందులు. ఆ టర్బో కారు వదులుకోవడం కష్టంగానే అనిపించింది, రెండుసార్లు టెస్ట్ డ్రైవ్ కూడా చేశాను మరి. కానీ ఫారంలో మార్పులు చేసిన బండా అన్న ప్రశ్నకి "అవును" తీసి "కాదు" పెట్టి చూస్తేనే అంకె 100 నుంచి 88కి వచ్చింది. అంటే ముందు యజమాని వేయించిన చక్రాలకీ సైలెన్సర్‌కీ స్ప్రింగులకీ 12 నేను కట్టాలన్నమాట, అదీ ఏటా. ఆ రాత్రే ఏడెనిమిది మోడళ్ళు పెట్టి చూశాను. ఒకే ధర పలికే రెండు కార్ల మధ్య కూడా ప్రీమియంలో చాలా తేడా కనపడింది. ఇంజిన్ సైజు, ఎంత వేగంగా దూసుకెళ్ళగలదు, విడిభాగాలు ఎంత ఖరీదు, దొంగతనం ఎంత తేలిక, తనంత తాను బ్రేక్ వేసే సదుపాయం ఉందా, ఇవన్నీ చూస్తారు. చివరికి 1.0 లీటర్ ఇంజిన్ ఉన్న, ఎవరూ ఏమీ మార్చని చిన్న కారు ఎంచుకున్నాను. 71.

ఇక్కడ ఒక వింత చూశాను. డబ్బు మిగులుతుందని థర్డ్ పార్టీ మాత్రమే ఎంచుకుని చూస్తే 74 వచ్చింది. మన బండికి కూడా రక్షణ ఉండే ఫుల్ ఇన్సూరెన్స్ 71 ఉంటే, సగం రక్షణ ఉన్నది 74 ఎలా అవుతుంది? ఏజెంట్ గారు చెప్పిన కారణం ఏమిటంటే, రేటు కంపెనీలే వేసుకునే చోట ఒక్కో రకం పాలసీ తీసుకునేవాళ్ళ పాత లెక్కలు చూసి వేస్తారట. థర్డ్ పార్టీ మాత్రమే తీసుకున్న కొత్త డ్రైవర్ల క్లెయిమ్‌లు ఎక్కువగా ఉంటే ఆ గుంపు రేటు పెరుగుతుంది. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం కట్టడిలో ఉండే చోట ఇలా జరగదు. అందుకని రెండూ పెట్టి చూడండి, ఒకటే చూసి చవక అనుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఆదివారం మా అక్కా బావా వచ్చారు. నేను టేబుల్ మీద కాగితాలు పరుచుకుని ఉండడం చూసి బావ అన్నాడు, "ఇంత టెన్షన్ ఎందుకు? మామయ్య పేరు మీద తీసేయ్. ఆయన మెయిన్ డ్రైవర్, నువ్వు అదనపు డ్రైవర్. అందరూ చేసేదేగా." అప్పటికప్పుడు ఫోన్‌లో అలా మార్చి చూశాడు. 38.

71కీ 38కీ మధ్య తేడా నాకు దాదాపు నెల జీతం. నేను కాదనలేకపోయాను. నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు, ఏమీ అనలేదు. ఫారంలో తర్వాతి ప్రశ్న దగ్గర ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ తనవైపు తిప్పుకున్నారు. "ఈ కారును ఎక్కువగా నడిపేది ఎవరు?" అని ఉంది. ఆయన చదివి, ఫోన్ నా చేతిలో పెట్టి, "ఎవరమ్మా?" అని అడిగారు.

నేను పనిచేసే ల్యాబ్‌లో షిఫ్ట్ ఉదయం ఆరింటికి మొదలవుతుంది. ఆ వేళకి బస్సులు ఉండవు, కారు కొంటున్నదే అందుకు. రోజూ నడిపేది నేనే. నాన్న వాళ్ళ కారు వాళ్ళకి ఉంది.

మర్నాడు ఏజెంట్ గారిని అడిగితే ఆవిడ గొంతు మొదటిసారి గట్టిపడింది. క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ తరఫున మనిషి వస్తాడు. కారు పగలంతా ఎవరి ఆఫీసు దగ్గర ఉంటోంది, గుద్దినప్పుడు ఎవరు నడుపుతున్నారు, సీట్లో ఎవరి సామాను ఉంది, పార్కింగ్ పాస్ ఎవరి పేరు మీద ఉంది, ఇవన్నీ అడుగుతాడు. అబద్ధమని తేలితే పాలసీ మొదటి నుంచీ చెల్లదని రాసేయవచ్చు. మన బండికి పైసా రాదు. ఎదుటివాళ్ళకి కంపెనీ కట్టినా, ఆ డబ్బు తిరిగి మన దగ్గర వసూలు చేసుకునే హక్కు చాలా చోట్ల ఉంటుంది. ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టు కేసు కూడా కావచ్చు. ఆ తర్వాత జీవితంలో నింపే ప్రతి ఫారంలోనూ "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా?" అన్న ప్రశ్నకి అవునని రాయాలి. "ఇంకోటి ఎవరూ ఆలోచించరు" అన్నారు. "ఏడాది క్లెయిమ్ లేకుండా నడిపినా, అందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే బోనస్, మీ నాన్నగారి ఖాతాలో పడుతుంది, నీకు కాదు. మూడేళ్ళ తర్వాత నీ పేరు మీద తీసుకోబోతే నువ్వు మళ్ళీ కొత్త డ్రైవర్‌వే."

బావ మీద నాకు కోపం లేదు. నన్ను గట్టెక్కించాలనే చెప్పాడు. కానీ ఇది చిన్న సర్దుబాటు అనుకునేవాళ్ళందరికీ చెప్పాలనిపిస్తుంది: ఇన్సూరెన్స్ కట్టేదే ఆ ఒక్క చెడ్డ రోజు కోసం. ఆ రోజు చెల్లని కాగితానికి 38 కట్టినా దండగే.

అయితే ఇందులోనే నిజాయితీగా చేయగలిగింది ఒకటి ఉంది. నన్నే మెయిన్ డ్రైవర్‌గా పెట్టి, నాన్నని అదనపు డ్రైవర్‌గా చేర్చాం. సెలవు రోజుల్లో ఆయన నిజంగానే నా కారు తీసుకెళ్తారు. ఆయన అనుభవం కూడా లెక్కలోకి వచ్చి 71 కాస్తా 63 అయింది. ఎవరిని చేర్చినా తగ్గుతుందని కాదు, నాలాంటి కొత్త డ్రైవర్ స్నేహితురాలిని చేర్చి చూస్తే పెరిగింది.

కిలోమీటర్ల దగ్గర నేను మొదట ఊహగా 20,000 అని రాశాను. కూర్చుని లెక్కేస్తే ల్యాబ్‌కి 17 కిలోమీటర్లు, రానూ పోనూ 34. నెలకి 22 రోజులు, సెలవులు పోగా 11 నెలలు. మొత్తం 8,228. మిగతా తిరుగుడు కలిపి 10,500 అని పెట్టాను. 59కి వచ్చింది. మరీ తక్కువ రాస్తే మళ్ళీ అదే చిక్కు, ఓడోమీటర్ అబద్ధం చెప్పదు. రాత్రి కారు ఎక్కడ పెడతారు, ఉద్యోగం ఏమిటి అన్న జవాబుల వల్ల ఒకటి తగ్గింది, 58. వాటి మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు.

డిడక్టబుల్ మాత్రం నిదానంగా ఆలోచించాల్సిన విషయం. కొన్ని చోట్ల దీన్నే ఎక్సెస్ అంటారు. క్లెయిమ్ అయినప్పుడు ముందు మన జేబులోంచి కట్టే భాగం అది. దాన్ని పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. పూర్తిగా పెంచితే 50కి వచ్చేది. కానీ కొత్త డ్రైవర్లకి తప్పనిసరి డిడక్టబుల్ విడిగా ఇంకొంత ఉంది, రెండూ కలిపి కట్టాలి. నన్ను నేను అడిగింది ఒకటే: రేపు పొద్దున్నే గుద్దుకుంటే ఆ డబ్బు నా దగ్గర ఉందా? లేదు. అందుకని మధ్యలో ఆగాను, రెండూ కలిపి మన లెక్కలో 8 అయ్యేలా. ప్రీమియం 54.

అప్పుడు ఆవిడ టెలిమాటిక్స్ గురించి చెప్పారు. కారులో చిన్న పెట్టె గానీ, అద్దానికి అంటించే బిళ్ళతో పాటు ఫోన్‌లో యాప్ గానీ పెడతారు. వేగం, బ్రేక్ ఎంత గట్టిగా వేశాం, మలుపు ఎలా తిప్పాం, ఏ వేళ నడిపాం, ఎంత దూరం, నడుపుతూ ఫోన్ ముట్టుకున్నామా, ఇవన్నీ నమోదవుతాయి. ఇది ఒప్పుకుంటే 54 నుంచి 43.

నేను ఎక్కడికి వెళ్ళేదీ ఒక కంపెనీకి తెలుస్తూ ఉండడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. రెండు రోజులు ఆలోచించాను. షరతులు మొత్తం చదివాను. తీవ్రమైన వేగం నమోదైతే పాలసీ రద్దు చేసే హక్కు ఉంది. ప్రమాదం జరిగితే ఆ సమాచారం నాకు అనుకూలంగానూ వాడవచ్చు, వ్యతిరేకంగానూ వాడవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి రాత్రి వేళల గురించి. ఒక కంపెనీ రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా నడిపితే స్కోరు తగ్గిస్తుంది. నేను ఇంట్లోంచి బయల్దేరేదే 5:15కి! రోజూ మార్కులు పోతాయి. ఇంకో కంపెనీలో ఆ గడువు 5 గంటలకే ముగుస్తుంది. అది ఎంచుకున్నాను. కొనే ముందు ఈ ఒక్క లైన్ వెతికి చదవండి.

కానీ డబ్బు కట్టే ముందు ఇంకో మలుపు. వేరే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఏ పెట్టే లేకుండా 31కి ఇస్తామన్నారు. పేరు చెప్పను. వివరాలన్నీ ఫోన్‌లోనే అడిగి రాసుకున్నారు. నా ఆనందం అంతా ఇంతా కాదు, వెంటనే కట్టేశాను. పాలసీ మెయిల్‌లో వచ్చింది, 23 పేజీలు. నాలుగో పేజీలో "డ్రైవింగ్ అనుభవం: 4 సంవత్సరాలు" అని ఉంది. నేను చెప్పింది 4 నెలలు.

ఆ పేజీ వైపు ఎంతసేపు చూశానో తెలీదు. తప్పు నాది కాదు, నేను నిజమే చెప్పాను. కానీ ఆ కాగితం మీద ఉన్న మనిషిని నేను కాదు. రేపు క్లెయిమ్ వస్తే ఫోన్‌లో ఏం చెప్పానో నేను ఎలా నిరూపించుకోవాలి? ఫోన్ చేసి సరిచేయమన్నాను. సరిచేస్తే 49 అన్నారు. చాలా చోట్ల పాలసీ తీసుకున్న కొద్ది రోజుల్లోపు రద్దు చేసుకునే వీలు ఉంటుంది, అలాగే చేశాను. నా డబ్బు తిరిగి రావడానికి 11 రోజులు, ఆరు ఫోన్ కాల్స్ పట్టాయి. ఆ 11 రోజులు నేను ఉదయం నాలుగున్నరకి లేచి నాన్న కారులో ల్యాబ్‌కి వెళ్ళాను, ఆయన నన్ను దింపి వెనక్కి వచ్చేవారు.

చివరికి 43కే తీసుకున్నాను. నెలనెలా కడితే 12 వాయిదాలు, ఒక్కోటి 4. అంటే మొత్తం 48, వడ్డీ 5. అక్క దగ్గర చేబదులు తీసుకుని ఒకేసారి కట్టి, ఆమెకి నెలనెలా తీర్చాను. అలా అడగగలిగిన మనిషి ఉండడం నా అదృష్టం. లేనివాళ్ళు ఈ 5 కూడా లెక్కలో వేసుకుని కంపెనీలను పోల్చుకోవాలి, ఎందుకంటే వాయిదాల వడ్డీ అందరి దగ్గరా ఒకలా ఉండదు.

మొదటి వారం యాప్‌లో నా స్కోరు 58. ఎంత బాధేసిందో. మ్యాప్ తెరిస్తే ఎర్ర చుక్కలు. దగ్గరగా లాగి చూస్తే దాదాపు అన్నీ ఒకే చోట ఉన్నాయి: ఫ్లైఓవర్ దిగాక వచ్చే సిగ్నల్. ఐదు రోజులు, ఐదు చుక్కలు. మర్నాడు తెల్లవారుజామున అక్కడికి రాగానే గమనించాను. ఫ్లైఓవర్ మీద నుంచే సిగ్నల్ కనిపిస్తోంది. అది ఎరుపులో ఉన్నా నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా బ్రేక్ మీదకి దూకుతోంది. ఆ రోజు నుంచి ఎరుపు కనపడగానే కాలు తీసేయడం మొదలుపెట్టాను. కారు దానంతటదే నెమ్మదించి, చివర్లో చిన్నగా బ్రేక్ వేస్తే చాలు. దూరం చూడడం అంటే ఏమిటో నాకు ఆ సిగ్నల్ దగ్గర తెలిసింది. ఆరో వారానికి స్కోరు 84.

ఐదో నెలలో పార్కింగ్‌లో వెనక్కి తీస్తూ స్తంభానికి రాశాను. తలుపు మీద మోచేయంత పొడవు గీత, కింద సొట్ట. చేతులు వణికాయి. మెకానిక్ టింకరింగ్‌కీ పెయింటింగ్‌కీ కలిపి చెప్పింది మన లెక్కలో 9. నా డిడక్టబుల్ 8. క్లెయిమ్ చేస్తే నాకొచ్చేది 1, పోయేది ఏడాది బోనస్. సొంతంగా బాగుచేయించుకున్నాను. అయినా కంపెనీకి ఫోన్ చేసి చెప్పాను, ఎందుకంటే క్లెయిమ్ చేయకపోయినా జరిగిన సంఘటన తెలియజేయాలని నా పాలసీలో రాసి ఉంది. మీ దాంట్లో ఏం ఉందో చూసుకోండి.

ఏడాది తిరిగేసరికి రెన్యువల్ నోటీసు వచ్చింది, 37. తగ్గిందని సంతోషించి కట్టేయబోయాను. ఏజెంట్ గారు ఆగమన్నారు. గడువుకి మూడు వారాల ముందే మళ్ళీ అన్నీ పెట్టి చూశాను, స్తంభం సంగతి కూడా రాశాను. ఆఖరి రోజు దాకా ఆగితే కొన్ని కంపెనీల దగ్గర రేటు పెరుగుతుంది. వేరే కంపెనీ 30కి ఇచ్చింది, ఈసారి యాప్ లేదు.

మారాలంటే పాత కంపెనీ నుంచి ఒక కాగితం కావాలి. అడిగిన మూడో రోజు మెయిల్‌లో వచ్చింది. ఒకే పేజీ. ప్రింట్ తీసి నాన్నకి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివి, కింద ఉన్న లైన్ దగ్గర వేలు పెట్టారు. పాలసీదారు అని ఉన్న చోట నా పేరు. దాని కింద, క్లెయిమ్ లేని సంవత్సరాలు: 1.